అరవై మూడు

మన కాలేజీ పూర్వ విద్యార్థుల సభ సంచికకు ఏదైనా రాయమని కమిటీ వారు మూడోసారి గుర్తుచేశాక ఇక తప్పించుకోలేక కూర్చున్నాను. హాస్టల్ సాంబారు గురించీ, రైలు తప్పిన విజ్ఞానయాత్ర గురించీ మిగిలినవారు ఎలాగూ రాస్తారు. రెండో సంవత్సరమైతే నాకు గుర్తేలేదు. నాకు మిగిలింది 2008లో ఒక మధ్యాహ్నం, సి ప్రోగ్రామింగ్ ల్యాబులో తొమ్మిదో నంబరు సిస్టమ్, పక్కన నిలబడిన సెమీకోలన్ సారు.

ఆ రోజు ప్రోగ్రాము మార్కుల జాబితా. నూరును పదేపదే రాయకుండా హ్యాష్ డిఫైన్‌తో ఒక మ్యాక్రో, అంటే ఆ విలువకు బదులు వాడే పేరు, పెట్టుకోమంటే అందరూ ‘మ్యాక్స్’ అని పెట్టుకున్నారు. లినక్సులో తెలుగు కీబోర్డు అమర్చుకుని వారమైనా కాని ఉత్సాహంలో నేను దానికి ‘గరిష్ఠం’ అని పేరు పెట్టి, మూడు చోట్ల వాడి, ప్రోగ్రామును యంత్రభాషలోకి మార్చే జీసీసీ అనే కంపైలరుకు అప్పగించాను. మ్యాక్రో పేరు ఐడెంటిఫయరై (సి నియమాలకు చెల్లే పేరై) ఉండాలని అది ముందుగా కసిరి, ఆపైన ‘స్ట్రే \340 ఇన్ ప్రోగ్రామ్’, ‘స్ట్రే \260’, ‘స్ట్రే \227’ అంటూ, తనకు అంతుపట్టని ఒక్కో బైటుకూ (అక్షరాలను దాచుకునే ఎనిమిది బిట్ల ముక్కకూ) ఒక్కో ఫిర్యాదుతో తెరంతా నింపేసింది.

సారు తిట్టలేదు. (తిట్టారని చెప్పేవారందరూ అప్పుడు క్యాంటీన్‌లో ఉన్నారు.) నా రికార్డు వెనక అట్ట మీద ఐదేసి గీతల కట్టలు గీస్తూ ఆ స్ట్రేలన్నిటినీ లెక్కపెట్టి, 63 అని తేల్చి, “పేరులో ఎన్నక్షరాలురా?” అని అడిగారు. మూడన్నాను. “నీకు మూడు. దానికి గుడి, పొల్లు, సున్న అన్నీ విడివిడిగా ఏడు” అని, బోర్డు మీద ఎనిమిదుల లెక్కలో ఉన్న 340ని ఒకట్లూ సున్నాలుగా విప్పి 11100000 అని రాసి, ముందున్న మూడు ఒకట్ల కింద గీత గీశారు. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో మన సంకేతం ఒక్కొక్కటీ మూడు బైట్లనీ, ఆ ఒకట్లు చెప్పేది అదేననీ, ఏడు మూళ్లు ఇరవై ఒకటి, మూడు చోట్లా కలిపి అరవై మూడనీ ఎక్కం అప్పజెప్పినట్టు చెప్పారు. సి భాష 1999 ప్రమాణం అనుబంధంలో, పేర్లలో వాడదగిన లిపుల పట్టికలో తెలుగు ఉందట. మన జీసీసీ మాత్రం అక్షరాలను యూనికోడ్ వాటికి కేటాయించిన సంఖ్యలుగా విప్పి రాస్తేనే, అదీ ప్రత్యేకంగా ఒక ఆప్షన్ ఇస్తేనే ఒప్పుకుంటుందట. “రూలు ఒప్పుకుందిరా, కంపైలరుకే ఇంకా ఒంటబట్టలేదు” అంటూ ఎర్ర సిరాతో ‘రిపీట్’ అని రాసి వెళ్లిపోయారు. సాయంత్రానికల్లా నా పేరు మారిపోయింది. ఆ పేరు పెట్టినవాడు ఇది చదువుతున్నాడనే అనుకుంటున్నాను.

ఇప్పుడు నేను భారతీయ భాషల కీబోర్డులు తయారుచేసే ఒక చిన్న బృందాన్ని నడుపుతున్నాను. కొత్తగా చేరిన పిల్లల చేత మొదటి రోజు 340నే విప్పిస్తాను. ఇంటి అప్పు కూడా తీరింది; అంతకు మించి చెప్పుకుంటే బాగుండదు.

2020 మేలో వచ్చిన జీసీసీ 10, యూటీఎఫ్-8 అక్షరాలను పేర్లలో నేరుగా ఒప్పుకుంటుందని తెలిసిన రాత్రి, అటక మీది ట్రంకుపెట్టెలోంచి రికార్డు దించి, ఆ ప్రోగ్రామును పొల్లుపోకుండా మళ్లీ కొట్టాను. ఒక్క ఫిర్యాదూ లేదు. సభకు సారు వస్తున్నారని కమిటీ వారు రాశారు కనుక ఆ రికార్డును వెంట తెస్తున్నాను. ‘రిపీట్’ కింద సంతకం ఇంకా బాకీ ఉంది.