ఉగ్గాని చల్లారేలోపు ఎమ్యులేటర్

మొదటి ఆదివారం: తోటలో బోరు మోటారు ఎప్పుడు వేశామో, ఎప్పుడు ఆపామో రాసుకోవడానికి నాన్న కోసం చిన్న ఆండ్రాయిడ్ యాప్ చేస్తున్నాను. అనంతపురం ఇంట్లో నాకున్నది పాత ల్యాప్‌టాప్: ఇంటెల్ ఐ5, 8 జీబీ ర్యామ్, ఉబుంటు. యాప్‌ను పరీక్షించడానికి ఎమ్యులేటర్ (కంప్యూటర్‌లోనే ఆండ్రాయిడ్ ఫోనును అనుకరించే ప్రోగ్రామ్) తెరిచి వంటింట్లోకి వెళ్లి, ఉగ్గాని, రెండు బజ్జీలు తిని వచ్చాను. తెర మీద ఇంకా ఆండ్రాయిడ్ పేరే మెరుస్తోంది. హోమ్ స్క్రీన్ రావడానికి 14 నిమిషాలు పట్టింది.

“అన్నా, నీ ఫోను ఇంకా నిద్ర లేవలేదా?” అంది చెల్లెలు.

తప్పు నాదే. నాన్న ఫోనులో ఉన్నది ఆర్మ్ ప్రాసెసర్ కదా అని ఎమ్యులేటర్‌లో ఆండ్రాయిడ్ 7 ఆర్మ్ ఇమేజ్ (ఆ ప్రాసెసర్ కోసం తయారైన ఆండ్రాయిడ్ ప్రతి) పెట్టాను. ఇంటెల్ ప్రాసెసర్‌కు ఆర్మ్ ఆదేశాలు అర్థం కావు. వాటన్నిటినీ సాఫ్ట్‌వేర్ తర్జుమా చేసి పెట్టాలి. ఇంటెల్ రకం ప్రాసెసర్లకు సరిపోయే ఎక్స్86 ఇమేజ్ అయితే ఆ బాధ లేదు, లినక్స్‌లో ఉండే వర్చువలైజేషన్ సౌకర్యం కేవీఎం తోడుంటే ఆదేశాలు చాలావరకు నేరుగా ప్రాసెసర్ మీదే నడుస్తాయి.

రెండో ఆదివారం: 64 బిట్ ఎక్స్86 ఇమేజ్ దించాను. ఇది నిదానంగానైనా నడవలేదు, హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ లేదంటూ మొరాయించింది. కేవీఎం పనిచేస్తుందో లేదో చెప్పే కేవీఎం-ఓకే ఆదేశం ఇస్తే అసలు సంగతి తెలిసింది: వర్చువలైజేషన్ బయోస్‌లో (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు కనిపించే సెట్టింగుల్లో) ఆపేసి ఉంది. ఇంటెల్ 2005లోనే ప్రాసెసర్‌లో తెచ్చిన ఈ వర్చువలైజేషన్ సౌకర్యం, వీటీ-ఎక్స్, నా దగ్గర ఇన్నేళ్లూ తాళం వేసిన గదిలా పడి ఉందన్నమాట. ఎఫ్2 నొక్కి బయోస్‌లోకి వెళ్లి ఆన్ చేశాను. రీస్టార్ట్‌తో సరిపెట్టకుండా ఒకసారి పూర్తిగా ఆపి మళ్లీ వేశాను.

ఈసారి అనుమతి లేదంది. కేవీఎం పరికర ఫైలును వాడుకోవాలంటే మన యూజర్ ఖాతా కేవీఎం గ్రూపులో ఉండాలి. చేర్చాను, అయినా అదే మాట. లాగౌట్ చేసి మళ్లీ లాగిన్ అయితేనే గ్రూపు మార్పు అమల్లోకి వస్తుందని గుర్తొచ్చేసరికి అరగంట గడిచింది. ఆ తర్వాత 50 సెకన్లలో హోమ్ స్క్రీన్! ప్లేటులో ఉగ్గాని ఇంకా వేడిగానే ఉంది.

మూడో ఆదివారం: ఆశ ఎక్కువై ఎమ్యులేటర్‌కు 4 జీబీ ర్యామ్ ఇచ్చాను. ఆండ్రాయిడ్ స్టూడియో, బ్రౌజర్ కలిసేసరికి ర్యామ్ చాలక ల్యాప్‌టాప్ మొత్తం డిస్కు మీద పడి నత్తనడక నడిచింది. 2 జీబీకి తగ్గిస్తే కుదుటపడింది. గ్రాఫిక్స్‌ను సాఫ్ట్‌వేర్ నుంచి హార్డ్‌వేర్‌కు మార్చాక జాబితా జారించేటప్పుడు కుదుపులు పోయాయి. క్విక్ బూట్ ఆన్ చేస్తే ఎమ్యులేటర్ తన స్థితిని భద్రపరచుకుని 7 సెకన్లలో లేస్తోంది.

విండోస్ వాడే మిత్రుడికి, అక్కడ ఇదే వేగం కోసం వాడే హాక్సమ్ జోలికి పోవద్దని చెప్పాను, దాని అభివృద్ధిని ఇంటెల్ ఆపేసింది. అదే పనికి విండోస్‌లోనే ఉండే విండోస్ హైపర్‌వైజర్ ప్లాట్‌ఫామ్ ఆన్ చేసుకుంటే చాలు.

మిగిలింది ఒక్కటే. మోటారు ఆపమని మోగాల్సిన అలారం ఎమ్యులేటర్‌లో ఠంచనుగా మోగుతోంది, నాన్న ఫోనులో మాత్రం బ్యాటరీ పొదుపు దాని గొంతు నొక్కేస్తోంది. వచ్చే ఆదివారం ఆయన ఫోనుకే కేబుల్ తగిలిస్తాను.