బాపు తుపాకి

పదకొండున్నర దాటింది, నిద్ర రావడం లేదు. స్టాంపు కాగితం డైనింగ్ టేబుల్ మీదే ఉంది. తమ్ముడు మధ్యాహ్నం పరకాల బస్సులో పంపించాడు. బాపు తుపాకి లైసెన్సు వాడి పేరున మార్చడానికి నాకెట్టి అభ్యంతరము లేదని టైపు కొట్టించి, కింద నా పేరు. సంతకం పెట్టి, నోటరీ చేయించి రేపటికల్లా పంపాలట. "ఒక్క సంతకమే గదక్కా, ఏమైతది?" అన్నాడు.

బాపు పోయినప్పటి నుంచి తుపాకి పోలీస్ స్టేషన్లోనే ఉంది. లైసెన్సున్న మనిషి చనిపోతే ఇంట్లో పెట్టుకోవడానికి వీల్లేదు, అప్పగించాల్సిందే. వారసుల్లో ఒకరు తన పేరున అడగొచ్చు, మిగతావాళ్లు ఒప్పుకోవాలి. అమ్మ ఒప్పుకుంది. అమ్మ వాడు చెప్పినదానికి ఎప్పుడు కాదంది గనక! మిగిలింది నేను. దరఖాస్తు ఫోటో కూడా వాట్సాప్‌లో పెట్టాడు. ఆయుధం ఎందుకు అన్నచోట "ఆత్మరక్షణ" అని ఉంది. అది చదివిన దగ్గర్నుంచి నాకు ఒకటే చిరాకు.

ఎవరి నుంచి రక్షణ? మా ఊళ్లో వాడికి పడనిది పాలోళ్లతోనే, అంటే మా దాయాదులతోనే. చేను హద్దు దగ్గర గెట్టు పంచాయితీ. ట్రాక్టర్ గెట్టు మీదుగా పోయిందని మొదలై, ఇప్పుడు చావుకూ పెళ్లికీ కూడా పలకరింపుల్లేవు. పెద్దమనుషులు కూర్చున్నా తెగలేదు. అట్లాంటి సమయంలో ఆ ఇంటికి డబుల్ బ్యారల్ తుపాకి వస్తే, అవతలివాళ్లు ఏమనుకుంటారు? అది అడవిపందుల నుంచి పంట కాపాడుకోవడానికే అని ఎవరు నమ్ముతారు? పైగా వాడి దోస్తు ఎవడో "కొడుకు పెండ్లి బరాత్‌ల రెండు పేలుద్దాం" అన్నాడట. వాడే నవ్వుకుంటూ చెప్పాడు. నాకు ఒళ్లు మండింది. 2019లో చట్టం మార్చారు, సంబురాల్లో పక్కవాళ్లకు ప్రమాదమయ్యేలా కాలిస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా అని చెప్పాను. "నువ్వు టీచర్‌వక్కా, నీకన్నీ రూల్సే" అని కొట్టిపారేశాడు. పైకి కాల్చిన గుండు ఎక్కడో ఒకచోట కిందికి దిగుతుంది కదా. ఎవరి పిల్లల మీద దిగుతుందో ఎవరికి తెలుసు?

సాయంత్రం మరదలు ఫోన్ చేసింది. గొంతు తగ్గించి, "వదినా, మీరు సంతకం పెట్టకుండ్రి. నేను చెప్పిన్నని మాత్రం ఆయనతోని అనకుండ్రి" అంది. ఎందుకమ్మా అంటే జవాబు లేదు. పొయ్యి మీద కూర మాడుతోందని పెట్టేసింది. తాగిన రోజు తమ్ముడి గొంతు ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. ఇంక ఆమెను గుచ్చిగుచ్చి అడగలేదు.

బాపు ఎందుకు కొన్నాడో మాకు చాలాసార్లు చెప్పాడు. ఊళ్లో మొదట తుపాకి ఉన్నది దొర గడీలోనే. వేటకు పోయొచ్చినప్పుడు దారిలో ఎదురుపడినవాళ్లు చెప్పులు విడిచి పక్కకు జరిగేవారట. గడీ ఖాళీ అయ్యాక, దొర పట్నం చేరాక, బాపు లైసెన్సుకు పెట్టుకున్నాడు. "దొర గోడకున్నది మన గోడకెందుకు ఉండొద్దు బిడ్డా" అనేవాడు. ఆదివారం అరుగు మీద కూర్చుని తుపాకిని మధ్యకు విరిచి, సన్నకడ్డీకి నూనెగుడ్డ చుట్టి గొట్టాల్లో దూర్చి తుడిచేవాడు. తుడిచాక ఆకాశానికి ఎత్తి మమ్మల్ని చూడమనేవాడు. లోపల అద్దంలా మెరుస్తూ రెండు గుండ్రటి వెలుగులు. తమ్ముడు ఎప్పుడూ నన్ను నెట్టి ముందు తానే చూసేవాడు.

తర్వాత అన్నలు, అంటే నక్సలైట్లు, ఊళ్లలో లైసెన్సు తుపాకులు పట్టుకుపోవడం మొదలైంది. పోలీసులు అందరివీ తెచ్చి అప్పగించమన్నారు. బాపు పాత పంచె చుట్టి, సైకిల్ రాడ్‌కు కట్టి తీసుకుపోయి ఇచ్చాడు. రసీదు తెచ్చి పాసు పుస్తకంలో పెట్టాడు. ఒక రాత్రి తలుపు కొట్టారు. నేను నానమ్మ పక్కన పడుకున్నాను, ఆమె నా నోటి మీద చెయ్యి పెట్టింది. "తుపాకి ఏది?" అన్నారు. బాపు పెట్టె తెరిచి రసీదు చేతికిచ్చాడు. వచ్చినవాళ్లలో ఒకడు మా కాలేజీ పోరల్లాగే ఉన్నాడు, మీసాలు కూడా సరిగా రాలేదు. టార్చి వేసి చదివాడు. తారీఖు చూశాడు, స్టేషన్ ముద్ర మీద వేలు పెట్టి చూశాడు. మళ్లీ మడతల మీదే జాగ్రత్తగా మడిచి తిరిగి ఇచ్చాడు. నానమ్మను మంచినీళ్లు అడిగాడు. చెంబు ఇస్తుంటే ఆమె చెయ్యి వణికి నీళ్లు గడప మీద ఒలికాయి. కొన్నాళ్లకు పోలీసులు వచ్చి, ఆ రాత్రి ఎవరొచ్చారని బాపును అడిగారు. ఆ ఏడాది బాపు ఇంట్లో పడుకున్న రాత్రులు తక్కువ. "ఆ పాడుది ఇంట్ల లేదు కాబట్టి బతికినం" అని అమ్మ ఎన్నోసార్లు అంది. ఇప్పుడు అదే అమ్మ తమ్ముడికి ఒప్పుకుంది.

ఇంతవరకూ రాసి, సంతకం పెట్టను అనే అనుకున్నాను. కానీ అన్నీ సద్దుమణిగాక బాపే పోయి దాన్ని మళ్లీ తెచ్చుకున్నాడు కదా. గొప్ప కోసం కాదు, చేనులో పడే అడవిపందుల కోసం. 1972 వన్యప్రాణి చట్టం తెలుసు కాబట్టి పందిని ఎన్నడూ కొట్టలేదు, మంచె మీంచి పైకి కాల్చి బెదరగొట్టేవాడు. ఇప్పుడు తమ్ముడు చేస్తున్నది చూస్తే పాపమనిపిస్తుంది. చేను చుట్టూ పాత చీరలు కట్టాడు, కుక్క అరుపులు రికార్డు చేసి మైకులో పెట్టాడు. రెండు రోజులు బెదిరి, మూడో రోజు మామూలే. పందుల మంద ఒక్కసారి దిగిందంటే మక్కచేను తెల్లారేసరికి చాప చుట్టేసినట్టే. అధికారికంగా కొట్టించాలంటే అనుమతి కావాలి, అటవీశాఖ జాబితాలో ఉన్న షూటర్లు రావాలి, వాళ్లు వచ్చేదాకా పంట ఆగదు. చుట్టుపక్కలవాళ్లు కరెంటు తీగ పెట్టమని చెవినిల్లు కట్టుకుని పోరుతున్నారు. పందికి పెట్టిన తీగ తగిలి పక్క చేను రైతు పోయాడని పేపర్లో చదువుతూనే ఉంటాం. తమ్ముడు ఆ పని మాత్రం చెయ్యలేదు. వాడిలో బాపు ఉన్నది అక్కడే అనిపిస్తుంది నాకు.

మరి ఆ మాటే రాయొచ్చు కదా! పంట కాపలా అనే కారణం 1959 ఆయుధాల చట్టంలోనే ఉంది. నెట్ సెంటర్‌లో అబ్బాయి "ఆత్మరక్షణ అంటే తొందరగా వస్తది" అన్నాడట, వీడు సరే అన్నాడట. పోలీసు విచారణకు వచ్చినవాళ్లు పాలోళ్ల ఇంటికి కూడా పోయి అడగరా? అప్పుడేం చెబుతాడు?

ఈయనను అడిగితే "మీ అక్కాతమ్ముళ్ల సంగతి" అని పడుకున్నారు.

రేపు కాగితం పంపడం లేదు. ఆదివారం నేనే పోతాను. ముందు చేను చూస్తాను, తర్వాత గెట్టు. సర్వేకు అర్జీ పెట్టి, హద్దురాళ్లు పాతించి, దరఖాస్తులో పంట అని రాసుకొస్తే అప్పుడు సంతకం గురించి మాట్లాడదాం అని చెబుతాను. అరుస్తాడు, అరవనీ. వాడు చేను కాడ ఉన్నప్పుడు మరదలితో కాసేపు విడిగా కూర్చోవాలి. ఆమె వద్దంటే, హద్దురాళ్లు పడ్డా నేను పెట్టను.