ఐదు గ్లాసుల నీళ్లు

మా ఆమె పోయినప్పుడు ఇంటికి వచ్చినవాళ్లంతా "శానా ధైర్యం గల మనిషప్పా" అన్నారు. నిజమే. కానీ ఆ ధైర్యం రోజూ ఎట్లా ఉండేదో వాళ్లు చూడలేదు, నేను చూశాను.

2016లో రెండు కిడ్నీలూ పనిచేయడం లేదని తేలింది. అప్పటినుంచి వారానికి మూడు సార్లు తాడిపత్రి నుంచి తెల్లవారుజామునే బస్సెక్కి అనంతపురం పోవడం, నాలుగు గంటలు మిషన్ పక్కన పడుకోవడం, మళ్లీ బస్సు. డయాలసిస్ ఖర్చు ఆరోగ్యశ్రీలో పోయింది కాబట్టి నిలబడ్డాం. 2020 లాక్‌డౌన్‌లో బస్సులు ఆగిపోతే, ఆసుపత్రి చీటీ జేబులో పెట్టుకొని బైకు మీద తీసుకుపోయేవాణ్ణి. వచ్చేటప్పుడు నీరసంతో తల నా వీపుకు ఆనించేది, అయినా ఒక్కరోజు కూడా "ఈసారికి వద్దులే" అనలేదు.

సూదుల కంటే కష్టం దాహం. మూత్రం రాదు కాబట్టి తాగిన నీళ్లన్నీ ఒంట్లోనే నిలిచిపోతాయి, కాళ్లు ఉబ్బుతాయి, ఊపిరితిత్తుల్లోకి చేరితే ఆయాసం. డాక్టరు ఆమెకు రోజుకు ముప్పావు లీటరు అన్నారు, మజ్జిగ, కాఫీ, చారు అన్నీ కలిపి. రాత్రి పదింటికి కూడా ఇంట్లో బండలు సెగలు కక్కే మే నెలలో ముప్పావు లీటరు!

పొద్దున్నే చిన్న స్టీలు గ్లాసుతో ఐదు గ్లాసులు కొలిచి సీసాలో పోసుకునేది. కాఫీ తాగితే అన్ని నీళ్లు సీసాలోంచి తీసి తులసి చెట్టుకు పోసేది. మధ్యాహ్నం నాలుక పిడచగట్టుకుపోతే పుక్కిలించి ఉమ్మేసేది. ఒకరోజు మంచి దాహం మీద నేనూ అట్లా చేసి చూశాను, రెండో పుక్కిట్లోనే మింగేశాను. ఆమె ఎదుట తాగలేక వంటింట్లోకి పోయి తాగుతుంటే కనిపెట్టి కోప్పడింది. "నా ముందరే తాగు. నువ్వు దాక్కోని తాగితే నాకు ఇంకా దాహమైతాది."

చెనక్కాయలు, టెంకాయ నీళ్లు, అరటిపండు, ఊరగాయ అన్నీ వద్దన్నారు. చెనక్కాయ పండించే ఇంట్లో పుట్టిన మనిషి, మాకు పొడి కొట్టిపెట్టి తాను ఉడికించి నీళ్లు వంచేసిన కూరతో తినేది.

ఒకసారి పక్క బెడ్డు మీదికి కొత్తగా ఒక అమ్మాయి వచ్చింది, ఇంటర్ చదువుతోందంట. ఆ లావు సూదులు రెండూ చూసి ఒకటే ఏడుపు. మా ఆమె తన ఎడమ చెయ్యి చాపి, ఫిస్టులా దగ్గర, అంటే డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్ చేసి రక్తనాళాలు కలిపిన చోట, తాడులా ఉబ్బిన నరం మీద ఆ పిల్ల వేళ్లు పెట్టించింది. లోపల గుయ్యిమని తెలుస్తుంది. "చూడు, ఎట్ల పాడుతాందో. సూది పక్క చూడాకు పాపా, నా పక్క చూడు." ఆ పిల్ల చూసింది. ఆ తర్వాత ఎప్పుడొచ్చినా మా ఆమె పక్క బెడ్డే అడిగేది.

2022 ఆగస్టులో ఒక రాత్రి నిద్రలోనే గుండె ఆగింది. అప్పటికి తొమ్మిది వందల సార్లు పైనే మిషన్ మీద పడుకుని ఉంటుంది.

తెల్లవారి చూస్తే సీసాలో ఒక గ్లాసు నీళ్లు మిగిలున్నాయి. ఎందుకు తాగలేదో. పారబోయడానికి చేతులు రాలేదు. దినాలు అయ్యేవరకు అట్లే ఉంచి, తర్వాత తులసి చెట్టుకు పోశాను.