సోలార్ సెల్‌లో బంగారు నానోకణాలు: నెల్లూరులో నా ప్రాజెక్ట్ అనుభవం

సోలార్ సెల్‌లో బంగారు నానోకణాలు కలిపితే కరెంటు నిజంగా పెరుగుతుందా అని జూనియర్లు తరచూ అడుగుతుంటారు. పెరుగుతుంది, నేను చేసి చూశాను. కాకపోతే లాభమంతా కణం చుట్టూ ఉన్న కొన్ని నానోమీటర్లలోనే ఉంటుంది కాబట్టి దాన్ని చేతికి తెచ్చుకోవడం అంత తేలిక కాదు.

నాది డై సెన్సిటైజ్డ్ సెల్, 1991లో ఓ'రీగన్, గ్రాట్జెల్ అనే శాస్త్రవేత్తలు చూపించిన రకం. టైటానియం డయాక్సైడ్ పొరకు రంగు పట్టిస్తే ఆ రంగే వెలుతురును పీల్చుకుని ఎలక్ట్రాన్లు ఇస్తుంది. ఖరీదైన రుథేనియం డై కొనే స్తోమత మాకు లేదు, అందుకే ఎర్ర మందార పూల రంగును ఆల్కహాల్‌లోకి దించి వాడాను. ఈ రంగు 520 నానోమీటర్ల ప్రాంతంలో బాగా పీల్చుకుంటుంది, 15-20 నానోమీటర్ల బంగారు కణాలు స్పందించేది కూడా సరిగ్గా అక్కడే. ఆ వెలుతురు పడగానే కణంలోని ఎలక్ట్రాన్లన్నీ ఒక్కసారిగా ఊగుతాయి, కణాన్ని ఆనుకుని విద్యుత్ క్షేత్రం బలపడుతుంది, అక్కడున్న రంగు అణువు మామూలు కంటే ఎక్కువ వెలుతురు పట్టుకుంటుంది.

కణాల తయారీకి 1951 నాటి టర్కెవిచ్ పద్ధతి. మరుగుతున్న గోల్డ్ క్లోరైడ్ ద్రావణంలో సిట్రేట్ (సిట్రిక్ ఆసిడ్ లవణం) పోస్తే లేత పసుపు పోయి రంగు లేకుండా అవుతుంది, తర్వాత నీలం కలిసిన బూడిద రంగు, ఆ తర్వాత ద్రాక్షరసం ఎరుపు. నాకు మాత్రం ఎరుపు వచ్చినట్టే వచ్చి కాసేపటికి ఊదాలోకి తిరిగి, తెల్లారేసరికి అడుగున నల్లగా పేరుకునేది. గ్లాసు సామాను ఆక్వా రీజియాతో (బంగారాన్ని కూడా కరిగించే ఆసిడ్ల మిశ్రమం) కడిగినా అంతే. చాలా టెన్షన్ పడ్డాను, ఎందుకంటే గోల్డ్ క్లోరైడ్ సీసా అయిపోతే మళ్లీ కొనడానికి డబ్బుల్లేవు. చివరికి ల్యాబ్ అటెండరన్న, "ముందు నీళ్లు చూడు అబ్బయా, ఆ డిస్టిలేషన్ కడ్డీకి ఎంత ఉప్పు పట్టిందో" అన్నాడు. విప్పి చూస్తే కడ్డీ నిండా తెల్లటి పెచ్చులు. మా బోరు నీళ్లు ఉప్పవి, ఆ యూనిట్‌లో ఉప్పు తుంపర్లు ఆవిరితో పాటు అవతలికి పోతున్నాయి. కణం చుట్టూ పట్టిన సిట్రేట్ పొర మీది ఋణావేశమే కణాల్ని ఒకదానికొకటి అంటకుండా ఆపుతుంది. ఉప్పు తగిలితే ఆ వికర్షణ తగ్గి కణాలు గుంపు కడతాయి, రంగు నీలం వైపు జరుగుతుంది. తెలిసినవాళ్ల ఫార్మా ల్యాబ్ నుంచి డీ-అయొనైజ్డ్ నీళ్లు (లవణాలు తీసేసిన నీళ్లు) తెచ్చి చేశాక ఎరుపు నిలబడింది, స్పెక్ట్రమ్‌లో శిఖరం, అంటే వెలుతురును ఎక్కువగా పీల్చుకునే చోటు, 520 నానోమీటర్ల దగ్గరే వచ్చింది.

తర్వాతది బంగారు కణాల మీద సిలికా పూత, నా లెక్కలో అసలు పని ఇదే. సెల్‌లో పోసే ఎలక్ట్రోలైట్ ద్రవంలోని అయోడిన్ బంగారాన్ని తినేస్తుంది, పైగా 450 డిగ్రీల్లో టైటానియం డయాక్సైడ్ పొరను కాల్చేటప్పుడు వట్టి కణాలు కలిసిపోయి పెద్దవవుతాయి. పూత మందమైతే క్షేత్రం రంగు దాకా చేరదు, మరీ పలచనైతే కాపాడదు. మందం చూడటానికి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కోసం చెన్నై పంపాల్సి వచ్చింది. అంత ఎదురుచూపు అక్కర్లేదని ఎవరైనా అంటే నమ్మొద్దు, ఆ ఫొటో లేకుండా మీ ఫలితానికి విలువ లేదు.

బంగారం ఎంత కలపాలి? చాలా కొద్దిగా. మోతాదు పెంచితే కణాలు పీల్చుకున్న వెలుతురు వేడిగా పోతుంది, కరెంటు తగ్గుతుంది. నాకూ ఒక దశ దాటాక తగ్గింది.

సోలార్ సిమ్యులేటర్ (ఎండ లాంటి వెలుతురునిచ్చే దీపం) లేదు కాబట్టి మిద్దె మీద మధ్యాహ్నపు ఎండలోనే కొలిచాను. బంగారం ఉన్న సెల్, లేని సెల్ పక్కపక్కన పెట్టి ఒకదాని వెంట ఒకటి రీడింగ్ తీయాలి, మబ్బు వస్తే రెండూ కొట్టేసి మళ్లీ మొదలుపెట్టాలి. ఎలక్ట్రోలైట్ కలపడానికి వాడే అసిటోనైట్రైల్ మన ఎండకు ఇట్టే ఎగిరిపోతుంది, ఎథిలీన్ గ్లైకాల్ వాడండి. నా సెల్‌లో కరెంటు స్పష్టంగా పెరిగింది, వోల్టేజ్ దాదాపు మారలేదు.

ఇప్పుడు మా జూనియర్ వెండి కణాలతో మొదలుపెట్టింది. వెండి శిఖరం 400 నానోమీటర్ల దగ్గర వస్తుంది, మందారంతో జత కుదరదు, అందుకే పసుపు కొమ్ముల రంగు తీసుకోమన్నాను.