ఫిట్స్ లేకుండానే ఫిట్స్ మందు

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణంలో లెక్కలు రాస్తాను. ఫిబ్రవరి వచ్చిందంటే యార్డు నిండా మిర్చి బస్తాలే. ఆ ఘాటుకు అందరూ తుమ్ముతారు. నాకు ఎడమ కణత లాగడం మొదలయ్యేది. కాసేపటికి కళ్ల ముందు వంకరటింకర వెలుగు గీతలు, ఆపై సగం తల పగిలిపోయేంత నొప్పి, వాంతులు. నెలలో సగానికిపైగా రోజులు ఏదో ఒక నొప్పి మాత్ర మింగుతూనే ఉండేదాన్ని.

హనుమకొండలో నరాల డాక్టరు మొదట ఆ మాత్రల లెక్కే అడిగారు. నెలకు 15 రోజులు, ఆపైన వాడితే మామూలు నొప్పి మాత్రలే తలనొప్పిని పెంచి పోషిస్తాయట. నాది మైగ్రేన్ అని చెప్పి, వాటిని తగ్గించమని, ఆ నొప్పి రాకుండా టోపిరమేట్ అనే మందు రాశారు. రాత్రిపూట 25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, వారానికి 25 చొప్పున పెంచుతూ రోజుకు 100 దాకా.

మందుల దుకాణంలో కుర్రాడు చీటీ చూసి, "ఫిట్స్ ఎవరికమ్మా?" అన్నాడు నలుగురిలో. పక్కనున్న అత్తమ్మ ముఖం పాలిపోయింది. ఇంటికొచ్చాక నెమ్మదిగా అడిగింది: "పెళ్లికి ముందు నుంచే ఉందా? మీవాళ్లు మాతో చెప్పలేదేం?" ఆ రాత్రి నాకు నిద్ర లేదు. నాకు మూర్ఛ లేదు, నిజమే. ఉంటే మాత్రం అదేమన్నా నేరమా?

తర్వాతిసారి ఆమెను వెంట తీసుకెళ్లాను. డాక్టరు ఓపిగ్గా చెప్పారు. మైగ్రేన్ ఉన్నవాళ్ల మెదడు కణాలు తేలిగ్గా రెచ్చిపోతాయి. ఆ అలజడి మెదడు పైపొర మీద అలలా మెల్లగా పాకుతుంది. నాకు కనబడే వెలుగు గీతలు దానివల్లే. మూర్ఛలోనూ కణాలు రెచ్చిపోవడమే గాని, తీరు వేరు. ఆ ఉద్రేకాన్ని తగ్గించే మందు రెండింటికీ పనికొస్తుంది. అమెరికాలో దీన్ని మూర్ఛకు 1996లో, మైగ్రేన్ రాకుండా ఆపడానికి 2004లో అనుమతించారని నేను తర్వాత చదివి చెబితే, అత్తమ్మ "అంత పాతదా!" అని కుదుటపడింది.

మందు ఊరికే మేలు చేయలేదు. వేళ్ల కొసలు చీమలు పాకినట్టు తిమ్మిరెక్కేవి, నోట్ల కట్ట లెక్కపెడుతుంటే మరీను. సోడా తాగితే గ్యాసు పోయిన నీళ్లలా చప్పగా ఉండేది. అన్నిటికన్నా భయపెట్టింది మాటలు తట్టకపోవడం. రైతు ఎదురుగా నిలబడి ఉంటే "తూకం చీటీ" అన్న మాట నోటికి రాక చేత్తో సైగ చేశాను. డాక్టరు మోతాదు పెంచడం కొన్నాళ్లు ఆపారు; అది సర్దుకుంది. మూత్రపిండాల్లో రాళ్లు రాకుండా నీళ్లు బాగా తాగమన్నారు. చెమట తగ్గి ఒళ్లు వేడెక్కవచ్చు కాబట్టి మే నెల ఎండలో తిరగొద్దన్నారు. వరంగల్ ఎండలో అది చిన్న మాట కాదు.

రెండు మూడు నెలలు గడిచాక తేడా తెలిసింది. నొప్పి పూర్తిగా పోలేదు, అప్పుడప్పుడు వస్తుంది. వచ్చినా ఒక్క మాత్రకు లొంగుతుంది. ఈ మిర్చి సీజను మొత్తం దుకాణంలోనే ఉన్నాను.

ఇక మందు కొద్దికొద్దిగా తగ్గించాలి, ఒక్కసారిగా ఆపకూడదు. కడుపులో బిడ్డకు ఇది మంచిది కాదు, గ్రహణం మొర్రి రావచ్చు. అందుకే రెండో బిడ్డ ఆలోచన మొదటిరోజే డాక్టరుకు చెప్పాను. పూర్తిగా మానాకే ఆ మాట.