కె అంటే గుర్రం కాదు బావా

"బావా, అది గుర్రం కాదు, రాజు!" అని ఫోన్లో అరుస్తూనే ఉన్నా, అవతల గుణుపురంలో ఆయన చదరంగంలో గుర్రాన్ని ఎఫ్3 గడికి పంపాలని మళ్లీ కె ఎఫ్3 అనే కొట్టాడు, తెర మీద మళ్లీ "ఇల్లీగల్ మూవ్".

పర్లాకిమిడిలో మా ఇంట్లో పాత లాప్‌టాప్ మీద చిన్న బీబీఎస్ పెట్టా, అంటే ఎవరైనా తమ కంప్యూటర్ నుంచి లాగినై సందేశాలు పెట్టుకునే, ఆటలాడుకునే బోర్డు, అదే 1978లో చికాగోలో మంచు తుఫానప్పుడు ఇద్దరు మొదలెట్టారే ఆ రకం, కాకపోతే ఫోన్ లైన్ మోడెం బదులు ఇంటర్నెట్లో లాగినయ్యే టెల్‌నెట్. అందులో చదరంగం. 80 అక్షరాలు 25 వరసల తెర, తెల్లవి పెద్దక్షరాలు, నల్లవి చిన్నక్షరాలు, ఖాళీ గడికి చుక్క. ఆట ఒక ఫైల్లో ఉంటది, ఎవరికి ఖాళీ దొరికినప్పుడు వాళ్లు లాగినై ఒక ఎత్తు వేసి పోవచ్చు.

"నైట్ స్పెల్లింగ్ కె తోనే కదేటి?" అంటాడు. నిజమే. కె ని కింగ్ ముందే పట్టుకుపోయాడు, అందుకే గుర్రానికి ఎన్. ఆ సంగతి ఆయనకి నేనే చెప్పలేదు. పోనీ తెలుగులో "గు" అని పెడదామంటే ఆ పాత తెరకి మన అక్షరాలు రావు.

ఈ గొడవలో ఉండగానే ఆయన వరసగా రెండు ఎత్తులు వేసేశాడు, ప్రోగ్రాం కిక్కురుమనలేదు. ఎవరి వంతో చూడమని దానికి చెప్పడమే మర్చిపోయా ఛ.

ఇప్పుడు అక్క ఫోన్, "మీ బావ నిన్ను ఓడించాడంటగా" అని.