ఐదో వంతుతో సహా తిరిగి కట్టాను

నిన్న సాయంత్రం షాపు మూసే ముందు సేటు చేతిలో ఆఖరి 2,080 రూపాయలు పెట్టాను. రాత్రి ఒళ్లు తెలియకుండా నిద్రపట్టింది.

రాణిగంజ్‌లో హార్డ్‌వేర్ షాపులో పనిచేస్తాను. ఆటో కిరాయి, హమాలీ కూలీ చీటీల్లో వందో నూటయాభైయో కలిపి రాసేవాణ్ణి. అలా రెండేళ్లు. ఆదివారం మందిరంలో, అంటే మా చర్చిలో మాత్రం ముందు వరుసలో నిలబడి పాటలు పాడేవాణ్ణి.

మానేయడం కష్టం కాలేదు. ఒక ఆదివారం ప్రభువు బల్ల దగ్గర, యేసు మరణాన్ని తలుచుకుంటూ తీసుకునే రొట్టె గొంతు దిగలేదు. మర్నాటి నుంచి ఉన్నదే రాశాను. ఉదయం ఐదింటి ప్రార్థన కూడా అప్పుడే మొదలుపెట్టాను, ఈరోజు వరకు ఒక్క పూట తప్పలేదు.

ఒప్పుకోవడం దగ్గరే నలిగిపోయాను. పాపాలు ఒకరితో ఒకరు ఒప్పుకోమని బైబిల్లో యాకోబు 5:16లో ఉంది కదా అని మా సంఘ పెద్ద ఒకాయనకు చెప్పుకున్నాను. భుజం మీద చెయ్యేసి, కన్నీళ్లతో ప్రార్థన చేశాడు. ఆ శుక్రవారం ఉపవాస ప్రార్థనలో మైకు పట్టుకుని, "షాపులో దొంగ చీటీలు రాసే ఒక తమ్ముడి విడుదల కోసం ప్రార్థిద్దాం" అన్నాడు. పేరు చెప్పలేదు. మా సంఘంలో షాపు చీటీలు రాసేది నేనొక్కణ్ణే. ఆడవాళ్ల వైపు చాప మీద కూర్చున్న నా భార్య బైబిలు పేజీ తిప్పబోతూ ఆగిపోయింది. ముసుగు ముందుకు లాక్కుంది. బయట చెప్పులు వేసుకుంటుంటే రోజూ వందనాలు చెప్పే ఇద్దరు పక్కకు తిరిగారు. బస్సులో ఆమె అడిగింది, "ఆయన చెప్పింది మీ గురించేనా?" అవునన్నాను. మా స్టాపు వచ్చేదాకా మళ్లీ మాట్లాడలేదు.

రెండు నెలలు మందిరం గడప తొక్కలేదు. ఆ పెద్ద మీద పెంచుకున్న పగ ముందు నా చీటీల పాపం చిన్నదే. ఒప్పుకోండి, తప్పకుండా ఒప్పుకోండి. కానీ కడుపులో దాచుకోగల మనిషిని వెతుక్కోండి. విన్నదాన్నల్లా ప్రార్థన అంశం చేసేవాళ్ల దగ్గరికి పోవద్దు.

దారి చూపింది నా భార్యే. సంఖ్యాకాండం 5:7 తెరిచి ముందు పెట్టింది. ఒప్పుకోవాలి, సొమ్ము తిరిగివ్వాలి, దానికి ఐదో వంతు కలపాలి. అసలు కిరాయిలు నా డైరీలో ఉన్నాయి కాబట్టి ఇద్దరం కూర్చుని లెక్క తేల్చాం. 18,400. ఐదో వంతు 3,680. బైబిల్లో సుంకాలు వసూలు చేసే జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నాడు, నాకు అంత శక్తి లేదు.

సేటు అంతా విని, చాలాసేపు క్యాలిక్యులేటర్ మీద వేలు పెట్టి కూర్చున్నాడు. "పని చేసుకో. క్యాష్ మాత్రం ముట్టకు" అన్నాడు. న్యాయమే. పది నెలలు 2,000 చొప్పున కట్టాను, నిన్నటితో చెల్లు. గల్లాపెట్టె తాళం ఇంకా ఇవ్వలేదు, నేనూ అడగను.

ఆ పెద్ద పేరు తలుచుకుని ప్రార్థించడానికి చాలా రోజులు నోరు రాలేదు. ఈ నెల మొదటి ఆదివారం రొట్టె పళ్లెం ఆయన చేతి నుంచే అందుకున్నాను.